దేశాధ్యయన పట్టము: వ్యయమెంత, ఫలమెంత?

తార్నాక కూడలి నుండి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వరకు సాగు మార్గమున, పట్టుమని రెండు క్రోసులైనను లేని దూరములో, మనుష్యుల ఆహారమును శోధించు సంస్థ యొకటి, రసాయనములను శోధించునది యొకటి, జీవకణమును శోధించునది మరియొకటి, భూగర్భమును శోధించునది ఇంకొకటి, తుదకు దేశపటములు గీయ నేర్పు సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణాలయమును వరుసదీరి యున్నవి. ఆ మార్గపు మొదటనే, ఉస్మానియా ఆవరణము నంటుకొని, 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టి, 1972లో విదేశీభాషలను కూడ చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ కలదు. పాత కాపురస్థులు దానిని నేటికిని సీఫెల్ అనియే పిలుతురు. మొదట చెప్పినవి ప్రకృతిని పరిశోధించునవి. ఇది అన్యజనుల భాషలను, వాని వెంట అన్యదేశముల స్థితిగతులను బోధించునది. నాచారమున హెచ్.ఎం.టి. నగర్‌లో ఇల్లు కట్టుకొని విశ్రాంతి పుచ్చుకొన్న కర్మాగారోద్యోగి, తన కుమార్తె రసాయనశాస్త్రము చదివెదనన్నపుడు వేయని ప్రశ్నను, జర్మను గాని అరబ్బీ గాని చదివెదనన్నపుడు తప్పక వేయును: "అది చదివితే ఏమొస్తది బిడ్డా?" ఈ ప్రశ్నను సంస్కారహీనమని త్రోసివేయు పండితులు కొందరు కలరు. వారికి నెలజీతము క్రమముగా చేతికందుచుండును గనుక అట్లనగలరు. కూడబెట్టిన సొమ్ము గలవాడు, అది వ్యయమగు చోటును గూర్చి విచారించుట ధర్మమే కాని దోషము కాదు.

ఏరియా స్టడీస్ అని విశ్వవిద్యాలయములు వ్యవహరించు దేశాధ్యయనము, ఒక భూభాగమును గైకొని దాని భాషను, చరిత్రను, రాజకీయమును, అర్థవ్యవస్థను కలిపి చదువు విద్య. దీని పూర్వవృత్తాంతమును పరికించినచో ఒక సంగతి మొట్టమొదటనే కానవచ్చును: ఈ విద్య ఏనాడును విద్యార్థి సొంతధనముతో పెరిగినది కాదు, ఒక దేశమును తెలిసికొనవలసిన అక్కర గల ప్రభువెవడో, వర్తకుడెవడో దాని వ్యయము భరించుచు వచ్చెను. ఒకప్పుడు అట్టి అధ్యయనమునకు గురియైన దేశము మన తెలుగుదేశమే. చెన్నపట్టణమున 1812లో వెలసిన సెయింట్ జార్జికోట కళాశాలలో తెలుగు నేర్చి పరీక్ష గడచిన దొరలకు ఈస్టిండియా కంపెనీవారు జీతమును, పదవిని పెంచుచుండిరి. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణము వెలువడినది ఆ యక్కరవలననే. ఆ మరుసటి యేడు చెన్నపట్టణమున దిగిన సి.పి. బ్రౌను మాత్రము, కంపెనీ కోరిన తెలుగుతో తృప్తి చెందక, కడపలో పండితులను పోషించి, తాళపత్రములను పోగుచేయించి, ప్రతులు వ్రాయించి, ఋణములపాలై, తుదకు 1852లో నిఘంటువును వెలువరించెను. ఆనాటి కంపెనీ జమాఖర్చు చిట్టాలో బ్రౌను చేసినది శుద్ధ నష్టపు బేరము. ప్రభువుకు కావలసినంత నేర్చినవాడు సుఖపడుననియు, విద్యకు కావలసినంత నేర్చినవాడు అప్పుపడుననియు ఆ వృత్తాంతమువలన తెలియుచున్నది. నేటికిని ఈ రెండు మార్గములే యున్నవి.

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కంపెనీ స్థానమును అగ్రరాజ్యము లాక్రమించెను. 1957లో సోవియట్టులు స్పుట్నిక్కును ఆకాశమున కెగురవేయగా, మరుసటి యేడే అమెరికా ప్రభుత్వము జాతీయ రక్షణ విద్యాచట్టమును చేసి, పరదేశభాషల బోధనకు విరివిగా ధనము కుమ్మరించెను. విస్కాన్సిన్, చికాగో మున్నగు విశ్వవిద్యాలయములలో తెలుగునకు పీట వేయబడినది ఆ యుగముననే. విస్కాన్సిన్‌వారి మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దముల తరబడి తెలుగు బోధించి, మన సాహిత్యమును లోకమునకు విప్పిచెప్పినది ఆ వ్యవస్థ నీడనే. పి.ఎల్. 480 అను చట్టము క్రింద మనము దిగుమతి చేసికొనిన గోధుమలకు చెల్లించిన రూపాయలు ఈ దేశముననే పోగుపడియుండగా, ఆ ధనముతో 1962 నుండి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము వారు తెలుగు పుస్తకములను కొని తమ విశ్వవిద్యాలయములకు పంపుచుండిరి. మన పల్లె గ్రంథాలయములలో దొరకని నవలలు చికాగోలో దొరకుటకు కారణము గోధుమలని చెప్పిన నవ్వు వచ్చును గాని, అది యథార్థము.

హైదరాబాదునకును ఆ ధారలో పాలు లభించెను. 1964లో ఉస్మానియా ఆవరణమున అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలసినది. అమెరికా వెలుపల ఆ విషయమున అంతటి గ్రంథసంచయము అరుదు. దేశపు నలుమూలల నుండి ఆంగ్లోపన్యాసకులు, రాజనీతి శాస్త్రజ్ఞులు వచ్చి, వారముల తరబడి అచటనే బసచేసి, సిద్ధాంతగ్రంథములు వ్రాసికొనిపోయి, పదవోన్నతులు పొందిరి. ప్రచ్ఛన్నయుద్ధము ముగిసి, ధారాళముగా వచ్చు నిధులు తరిగిన పిదప, ఆ కేంద్రము పేరు మార్చుకొని, తుదకు ఉస్మానియావారి అంతర్జాతీయ కార్యక్రమముల కేంద్రముగా పరిణమించెను. ఇందొక వింత కలదు. అమెరికాకు వలసపోయిన తెలుగువారిలో అమెరికాధ్యయనము చదివి పోయినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. కంప్యూటరు భాషయగు జావా చదివి పోయినవారికి లెక్కయే లేదు. ఒక దేశమును గూర్చి చదువుట వేరు, ఆ దేశమున కక్కరయైన పని చేయగలుగుట వేరు.

రష్యను భాష కథ ఇంతకంటె బోధప్రదమైనది. సోవియట్టుల సహాయముతో బాలానగరమున ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము లేచిన దినములలో, రష్యను వచ్చినవానికి ఈ నగరమున పనికి కొరత లేకుండెను. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయమున తెలుగు అనువాదకులు కుటుంబములతో కాపురముండిరి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వేంకటేశ్వరరావు మొదలైనవారి అనువాదములు విశాలాంధ్ర పుస్తకాల దుకాణములలో అతిచౌకగా దొరకుచుండెడివి. అటువైపు సోవియట్టులును ఊరకుండక, 1972లో తెలుగు–రష్యను నిఘంటువును ముద్రించిరి. ఇంత కట్టడము 1991 డిసెంబరులో ఆ రాజ్యముతోపాటే కూలినది. అప్పటికి ఎం.ఏ. రష్యను రెండవ యేట నున్న విద్యార్థికి, తాను చదువుచున్న దేశమే పటమున లేకపోవుట సంభవించెను! ఇట్టి యాపద యంత్రశాస్త్రము చదువువానికి రాదు. అయినను కథ అంతటితో ముగియలేదు. హైదరాబాదు మందుల పరిశ్రమ రష్యాలో విపణిని సంపాదించినది. డాక్టర్ రెడ్డీస్ వారి నైజ్, ఓమెజ్ మాత్రలు అచట ఇంటింటికి తెలిసిన పేర్లు. ఔషధానుమతి పత్రములను రష్యనులో సిద్ధపరచుటకు, అచటి అధికారులతో మాటాడుటకు మనుష్యులు మరల కావలసివచ్చిరి. అయితే ఈ మారు రష్యనుతోపాటు ఔషధశాస్త్రపు గంధము గలవానిని అడిగిరి. ఉప్పల లక్ష్మణరావుగారు స్వయముగా వృక్షశాస్త్రవేత్త యనునది ఇచట స్మరింపదగిన విషయము.

ఇక నేటి వ్యయమును లెక్కింతము. ఇఫ్లూలోనో, ఉస్మానియాలోనో, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయములోనో ఎం.ఏ. చదువుటకగు రుసుము ఏటికి వేలలోనే యుండును. తార్నాకలోనిదైనచో నాచారపు పిల్ల యింటనుండి సిటీబస్సులో పోయి రావచ్చును గనుక వసతిగృహపు ఖర్చును తప్పును. ఇదే విద్యను లండనులో చదువగోరినచో, రుసుమును, బసను కలిపి ఒక్క యేటికి నలువది లక్షలవరకు సంకల్పించుకొనవలసియుండును. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు చాలవరకు రుసుము గొనవు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రము మాత్రము పరదేశీయుల నుండి షణ్మాసమునకు 1,500 యూరోలు గొనును. అయినను వీసాకు ముందు ఏడాది పోషణార్థము 11,904 యూరోలు బ్యాంకులో నిలుపవలెను. నలువది లక్షలను నూటికి పదిన్నర వడ్డీకి, పదేండ్ల గడువుకు అప్పు తెచ్చినవాడు నెలకు దాదాపు 54,000 రూపాయలు తీర్చవలెను. దానిలో మొదటి నెల వడ్డీయే 35,000. ఈ దేశమున జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు నెలకు 37,000. విశ్వవిద్యాలయమున క్రొత్తగా చేరు సహాయాచార్యుని మూలవేతనము 57,700. అనగా ఈ విద్యను అప్పుచేసి పరదేశమున చదివి, స్వదేశమున ఆ విద్యతోనే బ్రతుకదలచినవాడు, జీవితపు మొదటి దశాబ్దమును బ్యాంకునకే ధారపోయవలసియుండును. పెద్ద అప్పునకు బ్యాంకువారు ఆస్తిని కుదువబెట్టుమందురు. అది నాచారములోని నూటయేబది గజముల యిల్లే యగును. చదువు ముగిసినపిమ్మట అచటనే యుద్యోగము వెదుకుకొందమన్నచో, బ్రిటను ప్రభుత్వము పట్టభద్రుల నివాసానుమతిని రెండేండ్ల నుండి పదునెనిమిది నెలలకు, 2027 జనవరి మొదలు, తగ్గింతుమని ప్రకటించియున్నది.

రుసుము తక్కువ యగుచోట కూడ మరియొక వ్యయము దాగియుండును. దానిని మన తల్లిదండ్రులు లెక్కింపరు, విశ్వవిద్యాలయములును చెప్పవు. అది కాలము. పరభాషను ఆ దేశీయులతో పనిచేయదగినంతగా, అనగా ఐరోపావారి కొలతలో సి1 వరకు, జపానువారి కొలతలో ఎన్2 వరకు నేర్చుటకు, రెండు మూడేండ్ల అవిచ్ఛిన్నపరిశ్రమ కావలెను. పరిశోధనపట్టమునకు మరి అయిదేండ్లు. ఈలోపున పొరుగింటి కుర్రవాడు ఇంజనీరింగు ముగించి, పోచారమునకు కంపెనీ బస్సులో పోయి వచ్చుచు, ఏటికి మూడున్నర లక్షలు తెచ్చుచుండును. అతని బస్సు వీధి మొగను ఆగినప్పుడెల్ల మన విద్యార్థి యింట నొక మౌనము పుట్టును. ఆ మౌనమును భరింపలేకయే పెక్కుమంది సి1 కంటె దిగువదైన బి1 మెట్టు దగ్గర ఆగిపోవుచున్నారు. బి1 దగ్గర ఆగినవానికి దేశాధ్యయనమున ఖర్చు పూర్తిగా తగులును, రాబడి మాత్రము రాదు.

రాబడి ఎచట నున్నదో చూచుటకు దూరము పోనక్కరలేదు. ఉప్పల్ పారిశ్రామికవాడలో ఒకప్పటి రేకులషెడ్ల సరసన నేడు అద్దాల భవనములు లేచినవి. జెన్‌పాక్ట్ మొదలైన సంస్థలు ఐరోపా కంపెనీల జమాఖర్చులను ఇచటినుండి నడపుచున్నవి. జర్మను ఎం.ఏ. చదివిన యువతి యొకతె అట్టి భవనములో మధ్యాహ్నము ఒంటిగంటన్నరకు పనికి కూర్చుండును. జర్మనీలో అప్పటికి ప్రొద్దుట కచేరీలు తెరచియుండును. ఆమె తెరపై బిల్లులు వరుసగా నుండును. బకాయి పడిన యొక బవేరియా వర్తకునికి, మర్యాద తప్పక, గడువు మీరినదని జర్మనులో హెచ్చరికజాబు వ్రాయుట, అతడు కోపముతో ఫోనెత్తిన శాంతపరచుట ఆమె పని. తరగతిలో హైనే కవితలు చదివిన కన్నులకు ఈ బిల్లులు నీరసములే. కాని భాష తెలియని సహోద్యోగి కంటె ఆమెకు భాషాభత్యము హెచ్చుగా వచ్చును. రాత్రి పదిన్నరకు కంపెనీ క్యాబు రామంతాపూర్‌లో ఇంటిముందు దింపును. ఇందు గమనింపదగిన దేమనగా, జీతము వచ్చినది ఆమె భాషకే. బిస్మార్కును గూర్చి ఆమె వ్రాసిన సిద్ధాంతవ్యాసమునకు ఒక్క రూపాయియు రాలేదు.

తక్కిన భాషల సంగతియు ఇట్టిదే, కొంచెము హెచ్చుతగ్గులతో. అరబ్బీ చదివినవారికి నగరపు పెద్ద ఆసుపత్రులలో పని కలదు: ఒమాను నుండియు, ఇరాకు నుండియు, సూడాను నుండియు వైద్యమునకు వచ్చు రోగుల సరసన నిలిచి, డాక్టరు మాటను రోగికి, రోగి బాధను డాక్టరునకు చెప్పుట. ఒక్క మాట తప్పిన ప్రాణమునకే మోసము వచ్చు పని యిది. దానికి దొరకు జీతము మాత్రము ఆ బాధ్యతకు తగినట్లుండదు. కొరియను వచ్చినవారికి పెనుగొండ దగ్గరి కియా కర్మాగారమును, దాని ననుసరించి వచ్చిన విడిభాగముల కంపెనీలును. జపనీసు వచ్చినవారికి శ్రీసిటీలోని ఇసుజు వంటి సంస్థలును ద్వారము తెరచినవి. తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ నర్సులకు జర్మను, జపనీసు నేర్పి ఆ దేశములకు పంపుచున్నది. జపాను 2019 ఏప్రిలులో క్రొత్త శ్రామికవీసాను తెరచినప్పటి నుండి ఎన్4 మెట్టు చేరిన వృత్తిపనివారికి అచట చోటు దొరకుచున్నది. ఈ నర్సులలో ఎవరికిని దేశాధ్యయన పట్టము లేదు. చేతిపనికి భాష తోడైనది, ఫలము చేకూరినది.

మరి పట్టమునే కోరు ఉద్యోగము లెవ్వి? విశ్వవిద్యాలయముల బోధనమొకటి. యు.జి.సి. నెట్ పరీక్షలో అంతర్జాతీయ–ప్రాంతీయాధ్యయనముల విషయమున కొక వర్ణన కలదు. దానిలో పశ్చిమాసియా, ఆగ్నేయాసియా, ఆఫ్రికా, దక్షిణాసియా, అమెరికా అధ్యయనములతోపాటు సోవియట్టు అధ్యయనములును చేర్చియున్నారు. ఆ రాజ్యము నశించి మూడు దశాబ్దములు గడచినను పరీక్షలో మాత్రము చిరంజీవిగా నున్నది. ఈ పరీక్షలో తేరినవారు పెక్కురు. చేరదగిన పీఠములు స్వల్పము. మన రాష్ట్ర విశ్వవిద్యాలయములలో శాశ్వతనియామకములు ఏండ్ల తరబడి నిలిచిపోయి, తాత్కాలికోపన్యాసకులే భారము మోయుచున్నారు. భారతవిదేశాంగ సేవ యొకటి కలదు గదా యందురు. ఆ సేవకు ఏ పట్టభద్రుడైనను పరీక్ష వ్రాయవచ్చును; ఎన్నికైన పిదప ప్రభుత్వమే యొక పరభాషను కేటాయించి, జీతమిచ్చి, పలుమారు ఆ దేశమునకే పంపి నేర్పించును. చైనా విద్య చదివినవానికి చీనాభాషయే ఇత్తురను నియమము లేదు. కావున రాయబారి కాగోరి ఈ పట్టము చదువుట అనవసరమైన చుట్టుదారి.

యంత్రానువాదము వచ్చిన పిదప ఈ భాషలకు గల కొద్దిపాటి వెలయు పోవునని భయపడువా రున్నారు. వ్రాతపత్రముల అనువాదమున ఆ భయము నిజమైనది. పుటకింతయని వెలగట్టి చేయు పని వేగముగా తరుగుచున్నది. కాని ఆసుపత్రి మంచము కడ, న్యాయస్థానమున, కర్మాగారపు బేరములలో తప్పునకు బాధ్యత వహించు మనుష్యుడే కావలెను. యంత్రము తప్పు చేసినపుడు అది తప్పని గ్రహించుటకే సి1 కావలెను. బి1 గలవానికంటె యంత్రమే నయము.

ఇంతవరకు చెప్పినది గృహస్థుని లెక్క. ప్రజల లెక్క మరియొకటి యున్నది, దానిని చెప్పక విడుచుట ఈ విద్యకు అన్యాయము. కరీంనగరు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు జిల్లాల నుండి తరతరముగా జనము గల్ఫుదేశములకు కూలికి పోవుచున్నారు. అచట మరణించినవారి కుటుంబములకు ఐదేసి లక్షల పరిహార మిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తర్వులు జారీ చేసినది, మెచ్చదగిన పని. కాని శ్రామికుని ప్రాణము పోకముందే, అతడు సంతకము పెట్టిన అరబ్బీ ఒడంబడికలో ఏమున్నదో, యజమాని చేతిలో పాసుపోర్టు చిక్కుకొనజేయు కఫాలా పద్ధతిలో ఏ మార్పులు వచ్చినవో చదివి, తెలుగులో చెప్పగల విద్వాంసులను పోషించు గల్ఫు అధ్యయన పీఠమొకటి ఆ జిల్లాలలో నెలకొనవలదా? ఇఫ్లూలో అరబ్బీయు, ఉస్మానియాలో అరబ్బీ, పారశీ శాఖలును, 1888 నుండి అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించుచున్న దాయిరతుల్ మఆరిఫ్‌ను ఇదే నగరమున నున్నవి. 1917లో, ఉస్మానియాలో తరగతులు తెరువకముందే, అనువాదశాఖను నెలకొల్పి, పండితులకు జీతములిచ్చి, శాస్త్రములను ఉర్దూలోనికి తెప్పించిన పాలన యీ నేలపై జరిగినదే. పాండిత్యము లేక కాదు, దానిని కొను చేయి లేకయే ఈ విద్య నిష్ఫలమగుచున్నది. కంపెనీ తెలుగును కొనెను, అమెరికా తెలుగును కొనెను, సోవియట్టులు తెలుగును కొనిరి. లక్షలమందిని అరబ్బుల నేలకు పంపు మన రాష్ట్రము అరబ్బుల విద్యను కొనకున్నది.

ప్రభుత్వము మేల్కొనువరకు గృహస్థుడు వేచియుండజాలడు గనుక, నా నిర్ణయమును స్పష్టముగనే చెప్పెదను. ఇంటిని కుదువబెట్టి పరదేశమున ఈ పట్టము చదివింపవలదు. జర్మనీవారి డాడ్, జపానువారి మెక్స్ట్, బ్రిటనువారి చెవెనింగ్ మొదలైన పూర్ణ విద్యార్థివేతనములు దొరకినచో నిశ్చింతగా పంపవచ్చును, దొరకనిచో లేదు. తార్నాకలోని చదువు, భాషతో కూడినదైనచో, చవకబేరమే. అందు చేరిన పిల్ల మొదటి యేటినుండియే లెక్కలో, మందులలో, న్యాయములో, నర్సింగులో ఏదో యొక చేతిపనిని జతపరచుకొనవలెను, సి1 చేరకముందు ఉద్యోగమునకై తొందరపడరాదు. భాష లేని దేశాధ్యయనమును మాత్రము, ఎంత గొప్ప విశ్వవిద్యాలయము ముద్ర వేసినను, ఎంత తక్కువ రుసుమునకు దొరకినను, తీసికొనకుడు. కుమార్తె అడిగినది అరబ్బీ యగునెడల నాచారపు తండ్రి దరఖాస్తు రుసుము కట్టవచ్చును.